ఎర్రగీతలు పోయిన గంట

చలపతిరావు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. "వద్దురా ఇశ్రాయేలూ" అంటే చాలు, అంతకుమించి ఉపకారమేమీ చెయ్యక్కర్లేదు, ఆ మాటకి ఆయన సొమ్మేమీ పోదు, పన్నెండేళ్లు ఆయన థియేటర్ కేబిన్‌లో నిలబడి కాళ్లు వాచిపోయినవాడికి ఆ మాత్రం మాటైనా దక్కాలి కదా. దక్కలేదు. పొద్దున చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు ఇశ్రాయేలు స్కూటీ పక్కనే ఆయన కారు ఆగింది. వెనక సీట్లో జుట్టుకి నల్లరంగేసుకుని కూర్చున్నాడు, అద్దంలోంచి చూశాడు, గుర్తుపట్టాడు, గుర్తుపట్టి ఫోన్‌లోకి తల దించేసుకున్నాడు. అసలు గుర్తుపట్టకపోయినా బాగుండేది. ఆ తల దించుకోవడమే ఇంకా కళ్లముందు ఆడుతోంది, ఇక్కడ భావన లాప్‌టాప్ తెర మీద నీలం గీత పన్నెండు శాతం దగ్గర నత్తలా పాకుతుంటే. పదీ ఐదయింది. పదకొండుకి ఈ ఆఫీసు యజమాని సూర్యప్రకాశరావు గారు వస్తారు, వెంట బెంగుళూరు కంపెనీ వాళ్లు వస్తారు, వాళ్ల సంచిలో అమ్మడానికి తయారుగా ఉన్న సరుకుంటుంది. ఆ వేళకి ఈ తెర మీద తప్పు చూపే ఎర్రగీత ఒక్కటి మిగిలినా, ఏడేళ్లు కూర్చుని ఇశ్రాయేలు సొంతంగా రాసుకున్న ప్లగిన్ చెత్తబుట్టలోకి, ఇశ్రాయేలు సెల్లార్‌లో జనరేటర్ దగ్గరకి. అంత మాట ఆయన నోటితో అనలేదు. "ఈమధ్య కింద జనరేటర్ దగ్గర మనిషి లేడు కదయ్యా" అన్నారు మొన్న, లిఫ్ట్ ఎక్కుతూ. పెద్దవాళ్లు అంతవరకే అంటారు, మిగతాది మనం ఇంటికి మోసుకుపోయి అన్నం ముందు కూర్చుని తేల్చుకోవాలి.

పద్దెనిమిది శాతం. కిటికీ అవతల రెండు బంగళాల మధ్య ఎవరూ పగలగొట్టలేకపోయిన పెద్ద బండ, దాని నీడలో నలుగురు డ్రైవర్లు కార్లకి ఆనుకుని నవ్వుకుంటున్నారు. వాళ్లకేం, వాళ్ల బండి స్టార్టవుతుందా లేదా అన్నదొక్కటే వాళ్ల పరీక్ష. తన బండీ స్టార్టవుతూనే ఉంది, ఏడేళ్లుగా ఒక్కరోజు మొరాయించలేదు, అదే కదా అసలు బాధ. సినిమాలో మనుషులు మాట్లాడేది వినపడనివాళ్లకి, భాష రానివాళ్లకి, థియేటర్లో కూర్చునే ఫోన్‌లో మాటలు కనపడేటట్టు చేస్తుంది ఈ కంపెనీ. ఏ మాట ఏ క్షణంలో పడాలో అనువాదం చేసేవాళ్లు షీట్లలో రాసి పంపుతారు, రెండువేల దాకా షీట్లు. ఇంజినీర్లు రాసిన కోడంతా పోగేసి ఫోన్లోకి ఎక్కే సరుకుగా దింపడాన్ని బిల్డ్ అంటారు. ఆ బిల్డ్ అనే పొయ్యి పక్కన ఇశ్రాయేలు ఇంకో పొయ్యి కట్టాడు, అదే ప్లగిన్. షీట్లు ఇందులో పోస్తే కోడై బయటికొస్తుంది, ఆ కోడ్‌ని ఇంజినీర్లు వాడుకుంటారు. ఎనిమిదో తరగతి సగంలో రేపల్లె బడి వదిలేసి, ఇక్కడ జనరేటర్ చూసుకుంటూ ఇంజినీర్ల వెనక నిలబడి చూసి నేర్చుకున్నవాడు కట్టిన పొయ్యి. ఇంగ్లీషు సరిగ్గా రాదు, పేజీలో ఎక్కడెక్కడ ఏ మాట ఉంటుందో చూపుతో గుర్తుపెట్టుకున్నాడు, అర్థంకాని తప్పు వచ్చినప్పుడు కాగితం మీద రాసుకుని యూసుఫ్‌గూడ ఇంటికి పట్టుకెళితే, ఇంటర్ పాసైన భార్య పుష్పకుమారి కుట్టుమిషన్ ఆపి, సగం కుట్టిన జూనియర్ ఆర్టిస్టుల జాకెట్లు పక్కకి తోసి, ఆ కాగితాన్ని మందిరంలో వాక్యం చదివినట్టు ఆగి ఆగి చదివేది. "సింబల్ దొరకలేదంటోందండీ." "ఏ సింబలే?" "నాకేం తెలుసు, మీరు దాచిందేదో." ఆ చదువు అలా అయింది.

భావన వచ్చి మూడు వారాలు. ఇరవయ్యెనిమిదేళ్ల పిల్ల, టీమ్‌కి పెద్ద, వస్తూనే అందరూ ఒకే కోడ్ ఎడిటర్‌లో పనిచెయ్యాలంది, అందరూ అందులోకి మారారు, మారిన మర్నాడు పన్నెండు లాప్‌టాప్‌ల నిండా ఎర్రగీతలు, వాత పెట్టినట్టు, వరసకి వరస. ఇశ్రాయేలు, ఎడిటర్ లేకుండా ఆజ్ఞలు మాత్రమే టైపుచేసే తన నల్లతెర మీద ఆజ్ఞ కొట్టి చూపించాడు, చూడండి, తప్పు లేకుండా చివరిదాకా పోయిందా లేదా. "మీ తెర మీద పోతుందండీ, కాదనట్లేదు," అంది భావన, "కానీ మేం బతికేది ఇందులో." ఆ బతికేది అన్న మాట గుచ్చుకుంది. అలాగైతే నేను ఎక్కడ బతికాను మేడం ఇన్నాళ్లూ. పనిమనిషిని గుమ్మంలోనే నిలబెట్టి ఆధార్ కార్డు అడిగినట్టు ఆ ఎడిటర్ తన ప్లగిన్‌ని గుమ్మంలో ఆపేసింది, ఆపి ఓ వాక్యం రాసింది, భావన చదివి చెప్పింది: ఈ పని సంగతి నాకెవరూ చెప్పలేదు, ఎప్పుడు చెయ్యమంటారు, అసలు చెయ్యమంటారా వదిలెయ్యమంటారా అని. పొగరు అనుకున్నాడు ఇశ్రాయేలు. మొన్న పుట్టిన ఎడిటర్‌కి పొగరు, దాన్ని నమ్ముకున్న పిల్లకి పొగరు. కోపంలోనే మొదటి మందు వేశాడు: వదిలెయ్యి అని రాసిచ్చాడు. దాంతో ఎడిటర్ గొణగడం మానేసింది, మానేసి షీట్ల కోడ్ తయారుచెయ్యడమూ మానేసింది, గొణుగుడు పోయింది గానీ ఎర్రగీతలు ఎక్కడివక్కడే. రెండో మందు: ప్రతిసారీ చెయ్యి అని రాసిచ్చాడు. అప్పుడైంది అసలు పెళ్లి. ఎడిటర్ అనేది నల్లతెరలాగా చెప్పినప్పుడు ఒక్కసారి పనిచేసి పడుకునేది కాదు, మనిషి సేవ్ కొట్టిన ప్రతిసారీ లోపల చిన్న బిల్డు చేస్తూనే ఉంటుంది. అది పిలవగానే తన ప్లగిన్ లేచి, ఉన్న రెండువేల షీట్లూ మొదట్నించీ మళ్లీ వండేది, వండి ఫోల్డర్‌లో పెట్టేది, అరే ఫోల్డర్‌లో ఏదో మారిందే అని ఎడిటర్ మళ్లీ పిలిచేది, ఇది మళ్లీ వండేది. ఆగితే కదా. లాప్‌టాప్ ఫ్యాను ఇసుక లారీ ఘాట్ ఎక్కుతున్నట్టు మోత. "అంకుల్ ప్లగిన్ మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు" అన్నాడొకడు. "ఆమ్లెట్ ఏంట్రా, బిర్యానీ దమ్ పెట్టొచ్చు" అన్నాడింకొకడు. భావన నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

"ఏందన్నా, గట్ల బిగుసుకపోయి కూసున్నవ్?" మంజులత చాయ్ తెచ్చి పెట్టింది. ఆఫీసులో చాయ్, ఊడవడం, తాళాలు అన్నీ ఆమెవే, ఇశ్రాయేలు ఇక్కడ జనరేటర్ చూసే మనిషిగా చేరిన ఏడాదే ఆమె కూడా చేరింది.

"పదకొండుకి తేలుతుంది మంజులా."

"తేలనియ్యి. నువ్వట్ల గుడ్లురిమి చూస్తే అది బెదిరి ఆగుతది. జర చాయ్ తాగు."

ముప్పై ఒకటి శాతం. భావన పాతవన్నీ తుడిచేసి, ఒక్క ఫైలూ మిగల్చకుండా, కొత్తగా కొన్న లాప్‌టాప్‌లాగా మొదట్నించి తెప్పిస్తోంది, అందుకే ఇంతసేపు. "మీ మెషీన్లో పనిచేసింది అన్న మాట నాకొద్దండీ, ఏమీ లేనిదాంట్లో పనిచెయ్యాలి" అంది. ఏమీ లేనిదాంట్లో. చాయ్ వేడి వేళ్లకి తగులుతుంటే కేబిన్ వేడి గుర్తొచ్చింది, ఫిలింనగర్‌లో చలపతిరావు ప్రివ్యూ థియేటర్, ముందు నలభై కుర్చీల చల్లటి చీకటి, వెనక గోడకి చిన్న కన్నం, కన్నం వెనక తను, రెండు ప్రొజెక్టర్లు, ల్యాంపుల సెగ, ఏసీ అటే గానీ ఇటు లేదు. చొక్కా విప్పి బనీనుతో నిలబడేవాడు. తను చూసినన్ని సినిమాలు ఆ కుర్చీల్లో కూర్చున్న ప్రొడ్యూసర్లు కూడా చూసుండరు, కానీ తను చూసింది సినిమా కాదు, కుడివైపు పైమూల. రీలు అయిపోయే ముందు ఆ మూలలో ఓ చుక్క మెరుస్తుంది, రెప్పపాటు, జనానికి కనపడదు. మొదటి చుక్కకి పక్క ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలి, ఎనిమిది సెకన్లకి రెండో చుక్క, దానికి ఇది మూసి అది తెరవాలి. అంతే. సినిమా మొత్తం చూస్తూ కూర్చోనక్కర్లేదు, చుక్క చెబుతుంది. పోయిన ఆదివారం మందిరంలో మోకాళ్ల మీద ఉండగా, పాస్టరు గారు రోగుల కోసం ప్రార్థిస్తుండగా, దేవుడు క్షమించాలి, ఇశ్రాయేలు మూసిన కళ్ల ముందు కుడివైపు పైమూలలో చుక్క మెరిసింది. నా ప్లగిన్‌కి చుక్క లేదు. ఏ షీటు మారిందో ఎడిటర్‌ని అడగదు, తను ఏ ఫైలు రాసిందో ఎడిటర్‌కి చెప్పదు. మాటాపలుకూ లేకుండా లేచి మొత్తం రీళ్లన్నీ మొదట్నించీ ఆడించేస్తుంది. ఆమెన్ అనేలోపు లేచి బయటికొచ్చేశాడు, పుష్పకుమారి వెనకనుంచి చెంగు పట్టుకుని వచ్చి, "ఏంటండీ, కళ్లు తిరిగాయా?" అంది. "లేదే, చుక్క కనపడింది" అన్నాడు. ఆమె చెయ్యి నుదుటి మీద పెట్టి చూసింది.

నలభై నాలుగు, యాభై రెండు. ఆ ప్రొజెక్టర్ల దగ్గరకి పోవద్దు అనుకుంటూనే మనసు అక్కడికే పోతుంది, పుండు మీదకి ఈగ పోయినట్టు. పదిహేనేళ్ల కింద, "ఎన్నాళ్లని జీతానికి నిలబడతావురా, మెషిన్లు నువ్వు తీసుకో, హాలు నాది, షోకి సగం సగం" అన్నాడు చలపతిరావు. తండ్రి కూడా అంత ప్రేమగా అనలేదే అనిపించింది. ఉన్న స్థలం, నెలనెలా పస్తులుండి కట్టి కొనుక్కున్న ఒకే ఒక్క స్థలం, అమ్మి ఆ రెండు ప్రొజెక్టర్లు కొన్నాడు. రిజిస్ట్రారాఫీసులో వేలికి సిరా పూస్తుంటే పుష్పకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగితే కసిరాడు కూడా, యజమాని పెళ్లాంవి అవుతున్నావే పిచ్చిదానా అని. ఐదో నెలలో కేబిన్‌లోకి ఇద్దరు మనుషులు వచ్చి, రీలు అక్కర్లేని పెట్టె ఒకటి, బట్టల పెట్టెంత, తన ప్రొజెక్టర్ల మధ్య పెట్టి వైర్లు లాగారు. ఆ పెట్టె కాగితం మీద చలపతిరావు సంతకం ఉంది, సంతకం కింద తేదీ ఉంది, తను స్థలం అమ్మడానికి ఏడు వారాల ముందటి తేదీ. తెలుసు. తెలిసే అంటగట్టాడు. ఊళ్లో ఎద్దు చచ్చేముందు అమ్మేసేవాళ్లుంటారు, కానీ కొన్నవాడి చేతే ఆ ఎద్దుకి మేత వేయించి తమ పొలం దున్నించుకోరు. ప్రొజెక్టర్లు చివరికి తూకానికి పోయాయి, లెన్సులు పక్కన తీసిపెట్టుకుందామనుకుంటే అవీ కలిపితేనే తీసుకుంటానన్నాడు పాత సామాన్లవాడు.

అరవై ఏడు శాతం. గీత ఆగిపోయింది.

ఆగిపోయింది అంటే ఆగిపోయింది, నిమిషం, రెండు నిమిషాలు, భావన గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది, పదీ ముప్పై మూడు. తనకి తెలిసిన చోటే ఆగింది. అరవై ఏడు దగ్గరే ఎడిటర్ తన ప్లగిన్‌ని గుమ్మంలో చూస్తుంది, దాని జేబులో ఈసారి చీటీ ఉందో లేదో వెతుకుతుంది. చీటీ ప్లగిన్ లోపలే పెట్టాడు ఈసారి, ఎవరి లాప్‌టాప్‌కి పోతే అక్కడికి వెంట పోయేటట్టు: అయ్యా, నా పేరిది, నన్ను రానివ్వండి, షీటు మారినప్పుడే పిలవండి, మారకపోతే కదలను, రాసింది రాసినట్టు మీకు చెబుతాను. ఆ చీటీలో ప్రతి మాటా నిన్న సాయంత్రం పుష్పకుమారి పైకి చదివింది, రెండుసార్లు. ఎంత బతిమాలినట్టుందండీ అంది. బతిమాలడం కాదే, చెప్పడం. చెప్పడం అన్న మాట దగ్గరే ఇప్పుడు, చాయ్ గ్లాసు చేతిలో చల్లారుతుంటే, ఇశ్రాయేలుకి లోపల ఏదో అడ్డంపడింది. మూడు వారాలు ఎడిటర్‌ని తిట్టాడు. ఎడిటర్ చేసిందేంటి? నాకు తెలియదు, చెప్పండి అని అడిగింది, ఎర్రసిరాతో, అందరికీ కనపడేటట్టు. చెయ్యాల్సింది చేసేసి, పక్కవాడికి తెలియాల్సింది తెలియనివ్వకుండా నోరు మూసుకుని కూర్చున్నది ఎవరు? తను కట్టిందే. ఏడేళ్లు తన చేతులతో కట్టి, ముద్దుచేసి, లోపల ఒక చలపతిరావుని పెట్టాడు. అలా అనుకోగానే నవ్వొచ్చింది, చిన్నది, ముక్కులోంచి. భావన అటు తిరిగి చూసింది. "ఏంటండీ?" "ఏం లేదమ్మా." అమ్మా అన్నాడని అన్నాక గానీ తెలియలేదు, ఇన్నాళ్లూ మేడం అనేవాడు, ఆ మేడంలో కొంచెం విషం కలిపి.

ఎనభై. అలా ఒక్క గెంతు గెంతింది, మెట్ల మీద కూర్చున్న మనిషి లేచి పరిగెత్తినట్టు, తొంభై మూడు, నూరు, గీత మాయమైంది. తెర నిండా ఫైళ్లు పరుచుకున్నాయి. ఎర్రగా. ప్రతి ఫైలు పక్కనా ఎర్రగుర్తు, పైనుంచి కిందదాకా ఎర్రగా, మిర్చి యార్డులో ఆరబోసినట్టు. ఇశ్రాయేలు గుండె సెల్లార్‌లోకి జారింది, జనరేటర్ డీజిల్ వాసన ముక్కుకి తగిలింది, నిజంగా తగిలింది. "ఆగండి," అంది భావన, వేలు తెర మీద పెట్టి, "ఇంకా మొదటి బిల్డ్ అవలేదు, ఆగండి, ఆగండి." కిందనుంచి మొదలైంది. చివరి ఫైలు పక్క ఎర్రగుర్తు ఆరిపోయింది. దాని పైది. దాని పైది. దీపాలు ఆర్పుకుంటూ ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు, ఒక్కొక్కటీ, తొందర లేకుండా, వరస మొత్తం, తర్వాత వరస, చిట్టచివరిది ఒక్కటి కొంచెం మొండిగా నిలబడి, ఆరింది. తెల్లటి తెర. ఎక్కడా గీత లేదు.

భావన కుర్చీ ముందుకి లాక్కుంది. ఒక షీటు తెరిచింది, అందులో ఒక పాత్ర "ఎక్కడికి?" అంటుంది, దాన్ని "ఎక్కడికీ కాదు" అని మార్చింది, సేవ్ కొట్టింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఫ్యాను లేవలేదు. ఒక్క ఫైలు, ఒకే ఒక్క ఫైలు, మెరిసి, మారి, ఊరుకుంది. మిగతా రెండువేలూ నిద్రలేవలేదు. ఇంకోసారి సేవ్ కొట్టింది, ఏమీ మార్చకుండానే. ఈసారి అసలు కదలికే లేదు. ఆ నిశ్శబ్దం ఇశ్రాయేలు చెవుల్లో మంచినీళ్లలా పడింది. రెండో చుక్కకి రెండో ప్రొజెక్టర్ తెరిచాక, తెర మీద బొమ్మ అదరకుండా, హాల్లో ఒక్క తలా వెనక్కి తిరగకుండా, సినిమా సాగిపోయేటప్పుడు ఉండేది ఆ నిశ్శబ్దం. పనిచేసినవాడికి ఒక్కడికే వినపడేది. చాలా ఏళ్లయింది విని. కడుపులో ఆకలి తెలిసింది, పొద్దున్నించీ ఏమీ తినలేదని తెలిసింది, కిటికీ బయట డ్రైవర్లు నవ్వుతున్నారు, నవ్వుకోనీ, హాయిగా నవ్వుకోనీ. ఫోన్ తీసి పుష్పకుమారికి చేశాడు, ఆవిడ మిషన్ చప్పుడులో, "సింబల్ దొరికిందా?" అంది. "దొరికిందే" అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.

పదకొండుకి ఐదు నిమిషాల ముందే సూర్యప్రకాశరావు గారు వచ్చేశారు, వెనక బెంగుళూరు వాళ్లు ఇద్దరు, ఇస్త్రీ మడతలతో. "ఏమయ్యా ఇశ్రాయేలూ, ఏమైంది?" అన్నారు ఆయన, ముఖంలో సగం జాలి ముందే సిద్ధం చేసుకుని. ఇశ్రాయేలు నోరు తెరిచేలోపు భావన అందుకుంది. "సార్, వీళ్లకి కాఫీ ఇచ్చి పంపించేద్దాం. మనకి కొనక్కర్లేదు. ఈయన రాసింది చాలు, ఇంక పన్నెండు మెషీన్లకీ ఇదే పెడుతున్నా." ఆయన తెర చూశారు, ఏమీ అర్థంకాలేదు, తెల్లగా ఉండటం ఒక్కటే అర్థమైంది. సిద్ధం చేసుకున్న జాలిని ఎక్కడ పెట్టాలో తెలియక, "మరి జనరేటర్‌కి వేరే మనిషిని చూడాలన్నమాట" అన్నారు, అని బెంగుళూరు వాళ్లని పక్కగదిలోకి తీసుకెళ్లారు. మంజులత వాళ్ల వెనక ట్రే పట్టుకుని పోతూ, "చెప్పిన గదన్నా" అని కన్ను కొట్టింది.

భావన కుర్చీ ఇటు తిప్పింది. మూడు వారాల్లో మొదటిసారి ఆ పిల్ల ముఖం పిల్ల ముఖంలా ఉంది, అలిసిపోయి, కాటుక చెదిరి. "బాబాయ్, నిజం చెప్పండి," అంది, "అడిగి రాయడం, రాసి చెప్పడం, ఇది నాకు నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఎవరూ నేర్పలేదు. ఎక్కడ నేర్చుకున్నారు మీరు? అమీర్‌పేటలోనా?"

"అమీర్‌పేట కాదమ్మా. ఫిలింనగర్‌లో."

"ఫిలింనగర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఉందా! మా తమ్ముడు ఖాళీగా ఉన్నాడు, చేర్పిస్తాను. ఫీజెంత కట్టారేంటి?"

ఆ లెక్క పదిహేనేళ్లుగా ఇశ్రాయేలు ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు. పుష్పకుమారి ఎత్తబోతే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఇప్పుడు చూస్తే నాలిక మీదే ఉంది, మంట లేదు, చేదు మాత్రం ఉంది, అది పోదు, ఉండనీ. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, చెప్పాడు.

"నిజాంపేటలో నూట అరవై ఏడు గజాలు. ఈస్ట్ ఫేసింగ్."